కైఫియ్యతులు చరిత్రా, కట్టుకథలా? ఆ తగువు వెనక కథ

గుంటూరు సీమలో ఎవరు ఊరి చరిత్ర రాసినా మెకంజీ కైఫియ్యతులు, అంటే మెకంజీ దొర మనుషులు ఊరూరా అడిగి రాయించిన ఊరి చరిత్రలు, ఎత్తకుండా ఉండరు. వెంటనే ఇంకొకరు "అవన్నీ పుక్కిటి పురాణాలండీ" అని కొట్టిపారేస్తారు. ఈ తగువు రెండు వందల ఏళ్ల నాటిది. ఆ కథలు ఎవరెవరి చేతులు మారి ఇంగ్లీషులోకి వెళ్లాయో చూస్తే తప్ప ఇది అర్థం కాదని నా నమ్మకం.

కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చిన స్కాట్లండ్ మనిషి, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు. మన భాషలు రావు. ఏలూరు నియోగి కుర్రాడు కావలి బొర్రయ్య దొరికాకే ఆయనకు దారి తెలిసింది, ఆ సంగతి ఆయనే 1817లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు. వీళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాల చేత దండకవిలెలు (ఊరి పాత రికార్డులు) తీయించి, శాసనాలకు నకళ్లు రాసుకుని, చెప్పినదంతా కాగితం మీద పెట్టారు.

ఒక కైఫియ్యతు తెరవండి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఏ ముని తపస్సు చేశాడు, గుడి ఎవరు కట్టించారు, ఆ తర్వాత ప్రతాపరుద్రుడు, రెడ్లు, రాయలు, గోల్కొండ నవాబులు, జమీందార్లు, అన్నీ ఒకే ఊపులో వస్తాయి. గోపరాజు రామన్న అనే పాతకాలపు మంత్రి నియోగులకు కరిణీకాలు (కరణం పదవులు) ఇచ్చాడన్న మాటైతే గుంటూరు ఊళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చెప్పేది కరణం కదా! 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చి ఎవరి హక్కు ఎంతో తేలుతున్న రోజుల్లో, దొర మనుషులు వచ్చి అడిగితే తన మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎక్కడిదో చెప్పుకోకుండా ఉంటాడా? ఊరి చరిత్ర చెబుతూనే తన అర్జీ కూడా పెట్టుకున్నాడు.

మెకంజీ 1821లో పోయాక ఆ కాగితాలకు హెచ్.హెచ్. విల్సన్ 1828లో జాబితా అచ్చువేయించాడు. ఆయన సంస్కృత పండితుడు, తెలుగు రాదు, గుమాస్తాలు తీసిచ్చిన ఇంగ్లీషు సారాంశాలే ఆధారం. సారాంశంలో ముని కథ ఒక్క వాక్యమై మిగులుతుంది, కరణం ఎందుకు చెప్పాడన్నది అసలే మిగలదు, అలాంటప్పుడు కట్టుకథలాగే కనిపిస్తుంది మరి. 1830ల్లో లక్ష్మయ్య మెకంజీ వదిలివెళ్లిన పని నేను పూర్తిచేస్తానని అడిగితే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆయన సరిపోడని తోసిపుచ్చింది. ఏళ్ల తరబడి ఆ కాగితాల మధ్యే బతికిన మనిషిని! నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం అనే పండితులు ముగ్గురూ కలిసి ఈ చర్చను తిరగదోడారు. మనవాళ్లు చరిత్రను తమ కాలంలో చెలామణీలో ఉన్న సాహిత్య రూపాల్లోనే రాశారు, ఏది జరిగింది ఏది కల్పన అన్నది ఆ చెప్పే తీరును బట్టి వినేవాళ్లకు తెలిసిపోయేది అన్నారు. చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఆ వినేవాళ్లు ఎవరు? చెరువు తవ్వించిన రాజు పేరు కైఫియ్యతులో ఉంటుంది. తవ్వినవాళ్లు ఆ రాజు గురించి ఏమనుకునేవాళ్లో అడగడానికి కరణం ఇల్లు దాటి ఇంకో గడపకు వెళ్లిన గుమాస్తా నాకింతవరకు తగల్లేదు.