గామా కిరణాలు పెట్టిన మట్టి: అపోహలు - వాస్తవాలు

ప్రయోగాల కోసం మట్టిలోని సూక్ష్మజీవులను గామా కిరణాలతో చంపి శుద్ధి చేస్తాం. ఆ మట్టి గురించి వినిపించే అపోహలివి.

అపోహ: రేడియేషన్ పెట్టిన మట్టి రేడియోధార్మికం అవుతుంది.
వాస్తవం: కాదు. కోబాల్ట్-60 గామా కిరణాలకు ఆ శక్తి లేదు. మేం చేతికి తొడుగులు వేసుకునేది మా చేతి క్రిములు మట్టిలో పడకూడదని.

అపోహ: ఒకే మోతాదుకు అన్ని జీవులూ చస్తాయి.
వాస్తవం: ముందు పోయేవి శిలీంధ్రాలు. వాటికి సుమారు 10 కిలోగ్రేలు (కిలోగ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చాలు. బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి 20 దాకా కావాలి, మొండివాటికి అదీ చాలదు. డైనోకాకస్ అనే బ్యాక్టీరియా 1956లో అమెరికాలో బయటపడిందే గామా కిరణాలు పెట్టినా పాడైపోయిన మాంసం డబ్బాలో! మట్టిలో తేమ ఎంతన్నదీ చూడాలి. కిరణాలు నీటి అణువులను విరిచి పుట్టించే రాడికల్సే (చురుగ్గా చర్య జరిపే అణు ముక్కలే) కణాలకు చాలా హాని చేస్తాయి కాబట్టి పొడిమట్టికి మోతాదు పెంచక తప్పదు.

అపోహ: సూక్ష్మజీవులు చస్తే మట్టిలో చర్యలన్నీ ఆగిపోతాయి.
వాస్తవం: ఎంజైములు అంత తేలిగ్గా చావవు. యూరియేజ్ అనే ఎంజైము కొంత మిగిలి, యూరియాను విడగొడుతూనే ఉంటుంది. చచ్చిన కణాల నత్రజని అమ్మోనియంగా బయటికొచ్చి మొక్కకు ఎరువవుతుంది, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఉండదు. అందుకే ఈ మట్టిలో మొక్క ఏపుగా పెరిగిందని 'రోగకారకాలు పోయిన ఫలితం' అని రాసేయడం తొందరపాటు. ముందు అమ్మోనియం కొలవండి.

అపోహ: శుద్ధి చేశాం, ఇక బూజు రాదు.
వాస్తవం: విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పోటీదారులు లేరు, చచ్చిన కణాల రూపంలో తిండి సిద్ధంగా ఉంది. కాపలా లేని పంటచేను అది. సంచి తెరిచినప్పుడు గాలిలోంచి నాలుగు ట్రైకోడెర్మా బీజాలు పడితే చాలు, కొద్ది రోజుల్లో పైన తెల్లటి నూలులాంటి బూజు పరుచుకుని, మధ్యలో పచ్చటి పొడి కనిపిస్తుంది. ట్రైకోడెర్మా అయితే అదృష్టమే, అది మేలు చేసే శిలీంధ్రం. రోగకారకాలైన పిథియమో ఫ్యుజేరియమో చేరితే మామూలు మట్టిలోకన్నా వేగంగా పాకి నారును కుళ్లబెడతాయి. వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా అనే శిలీంధ్రం కూడా పోయి ఉంటుంది, దాన్ని మనమే తిరిగి కలపాలి.

అపోహ: ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో శుద్ధి) చేసినా ఇంతే.
వాస్తవం: 121 డిగ్రీల ఆవిరి మట్టి కట్టును ఎక్కువగా చెదరగొడుతుంది, కొన్ని నేలల్లో మొక్కకు విషమయ్యేంత మాంగనీసు వదులుతుంది. ప్రయోగాలకు నేను గామానే ఎంచుకుంటాను.

ఇది పొలానికి పనికొచ్చే పద్ధతి కాదు. రైజోబియం (పప్పుజాతి మొక్కలకు నత్రజని అందించే బ్యాక్టీరియా) కలిపే లిగ్నైట్, పీట్ పొడులను శుద్ధి చేయడానికి మాత్రం చాలా మంచిది. నారుమడికైతే ఎండాకాలంలో తడిపి, పల్చటి పారదర్శక పాలిథిన్ షీటు నాలుగు నుంచి ఆరు వారాలు కప్పండి. వేడిని తట్టుకునే మేలైన జీవులు కొన్ని అందులో మిగులుతాయి.