నర్సింగ్ చార్జీలు రోజు లెక్కన

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో రైలెక్కి చెన్నైకి వైద్యానికి వచ్చే మనవాళ్లు డిశ్చార్జి బిల్లు చేతికి రాగానే మందులు, స్కానింగుల లెక్క చూసుకుంటారు. గది అద్దె కింద ఉండే నర్సింగ్ చార్జీల మీద చూపు ఆగదు. అవి రోజుకు ఇంతని పడతాయి. నైట్ డ్యూటీ సిస్టర్ ఐదుగురిని చూస్తోందా, పదిహేను మందినా అన్నది ఆ అంకెలో కనబడదు. సెలైన్ అయిపోతే కౌంటరు దాకా పరిగెత్తేది ఎలాగూ మనమే.

కొరత పాతదే. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ 1871లోనే మొదలైంది. అయినా 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు తేలింది. తర్వాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలని కొలత పెట్టింది. పాటించకపోతే గట్టిగా అడిగేవాళ్లు లేరు.

నర్సులు తగ్గితే ఆస్పత్రిలో రోజులు ఎందుకు పెరుగుతాయి? కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. మూత్రం గొట్టం తీయాల్సిన రోజున తీయకపోతే ఇన్ఫెక్షన్. రాత్రి రెండింటికి మొదలైన జ్వరం తెల్లారి రౌండ్స్‌లో గానీ బయటపడదు. ఒక్కోదానికీ యాంటీబయాటిక్, ఇంకో నాలుగు రోజులు. అమెరికాలో 799 ఆస్పత్రుల రికార్డులు తిరగేసి 2002లో వేసిన అధ్యయనమూ ఇదే తేల్చింది: శిక్షణ పొందిన నర్సులు ఎక్కువ సేపు చూసుకున్నచోట రోగులు త్వరగా ఇంటికెళ్లారు.

ఖర్చు మాటకొస్తే, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో 27 ప్రభుత్వ ఆస్పత్రుల్లో పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని చట్టం చేసింది. అదనపు నర్సులకు పెట్టినదానికి రెట్టింపు పైగా, రోగులు త్వరగా వెళ్లడం వల్ల, మళ్లీ చేరకపోవడం వల్ల మిగిలిందని 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో లెక్క వచ్చింది.

మన దగ్గర కథ జీతం దగ్గరే ఆగింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆస్పత్రి అయినా నర్సుకు నెలకు కనీసం 20,000 ఇవ్వాలంది. మరుసటి ఏడాది నవంబరులో చెన్నై తేనాంపేటలోని డీఎంఎస్ (ప్రభుత్వ వైద్య సేవల డైరెక్టరేట్) ఆవరణలో ధర్నాకు కూర్చున్న తమిళనాడు కాంట్రాక్టు నర్సుల జీతం 7,700. అదీ ప్రభుత్వ ఉద్యోగంలో!

ఆరోగ్యశ్రీని 2019లో చెన్నై ఆస్పత్రులకూ విస్తరించారు. అందులో ఆపరేషనుకు ఇంతని ప్యాకేజీ. రోగి నాలుగు రోజులు ఎక్కువ ఉంటే ఆ భారం ఆస్పత్రిదే. జేబులోంచి కట్టుకునేవాళ్లకు మాత్రం ఆ నాలుగు రోజులకూ గది అద్దె, దాని కింద మళ్లీ నర్సింగ్ చార్జీలు.