ఫీచర్ ఫైల్ ఉంటే బీడీడీ ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

బీడీడీ అంటే బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్: సాఫ్ట్‌వేర్ ఎలా ప్రవర్తించాలో ముందే ఉదాహరణలతో మాట్లాడుకుని తయారుచేసే పద్ధతి. ఆ ఉదాహరణలను సినారియోలుగా, అంటే సన్నివేశాలుగా, రాసిపెట్టే ఫైలే ఫీచర్ ఫైల్.

అపోహ: ఫీచర్ ఫైల్ అంటే మామూలు భాషలో రాసిన టెస్ట్ స్క్రిప్టు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తత్కాల్ టికెట్ రద్దు సంగతి తీసుకోండి. సెలీనియం (బ్రౌజర్‌ను నడిపి టెస్టు చేసే టూల్) అలవాటైన చేయి “లాగిన్ పేజీ తెరిచాను, పాస్‌వర్డ్ కొట్టాను, క్యాన్సిల్ బటన్ నొక్కాను” అంటూ పోతుంది. ఇరవై లైన్లు చదివినా రూల్ ఏమిటో తెలీదు. స్క్రీన్ కాస్త మారితే చాలు, సగం సినారియోలు ఫెయిల్. రాయాల్సింది ఇంతే:

సన్నివేశం: కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు
చెప్పబడినది ప్రయాణికుడి దగ్గర కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ ఉంది
ఈ పరిస్థితిలో ప్రయాణికుడు టికెట్ రద్దు చేసుకున్నాడు
అప్పుడు రీఫండ్ ఏమీ రాదు

క్లిక్కులన్నీ స్టెప్ డెఫినిషన్ కోడ్‌లోకి, అంటే ఒక్కో లైను వెనక నడిచే కోడ్‌లోకి, పోవాలి. పై నాలుగు లైన్లూ బిజినెస్ వాళ్ల ముందు పెట్టి చూడండి. “మరి వెయిటింగ్ లిస్టులో ఉంటే? రైలు మూడు గంటలకు పైగా లేటైతే?” అని వాళ్లే అడుగుతారు. రెండు చోట్లా రూల్ వేరు కాబట్టి ఇంకో రెండు సన్నివేశాలు పుట్టాయి. కోడ్ రాయకముందే ఈ మాటలు నడవడమే బీడీడీ. స్ప్రింట్ (టీమ్ పని విడత) అయిపోయాక టెస్టర్ ఒక్కడే కూర్చుని రాసే ఫైలుకు ఆ పేరు ఎందుకో నాకైతే అర్థం కాదు.

అపోహ: గెర్కిన్ (ఫీచర్ ఫైల్ రాసే భాష) ఇంగ్లిషులోనే రాయాలి.

వాస్తవం: పైన వాడినవి గెర్కిన్‌లో ఉన్న తెలుగు కీవర్డ్‌లే. “చెప్పబడినది” కాస్త కృతకంగా ఉందన్నది వేరే విషయం.

అపోహ: గివెన్, వెన్, దెన్ (పైన “చెప్పబడినది”, “ఈ పరిస్థితిలో”, “అప్పుడు”) తేడా టూల్ చూసుకుంటుంది.

వాస్తవం: చూసుకోదు. స్టెప్ డెఫినిషన్ వెతికేటప్పుడు, ఫీచర్ ఫైళ్లను నడిపే టూల్ కుకుంబర్ కీవర్డ్‌ను పట్టించుకోదు, తర్వాతి వాక్యాన్నే పోలుస్తుంది. ఒకే వాక్యానికి గివెన్ కింద ఒకటి, దెన్ కింద ఒకటి డెఫినిషన్ రాస్తే గొడవే. ఫలితం చెప్పాల్సిన దెన్‌లో బటన్ నొక్కించినా అది నోరెత్తదు. ఆ క్రమశిక్షణ రివ్యూలో మనమే పెట్టుకోవాలి.

అపోహ: సినారియో అవుట్‌లైన్‌లో (ఒకే సినారియోను పట్టికలోని వేర్వేరు విలువలతో నడిపే రూపం) ఎన్ని వరసలుంటే అంత కవరేజీ.

వాస్తవం: ప్రతి వరసకూ సినారియో మొదటి నుంచి మళ్లీ నడుస్తుంది. బ్రౌజర్ తెరిచే సినారియో అయితే బిల్డ్ పూర్తయ్యేలోపు టీ తాగి రావచ్చు. రూల్ మారే చోట వరస పెట్టండి. మిగతా అంకెలన్నీ యూనిట్ టెస్టుల్లో (కోడ్ ముక్కలను విడివిడిగా పరీక్షించేవి) చూసుకోవచ్చు.