వ్యాన్‌లో చిన్న ఫ్రిజ్: అపోహలు, అనంతపురం ఎండలో వాస్తవాలు

అనంతపురంలో బండ్లకు వైరింగ్, సోలార్ పని చేస్తాను. వ్యాన్‌నే ఇల్లు చేసుకున్నవాళ్లు బెంగళూరు-హైదరాబాద్ హైవే మీద పోతూ మా షాపు దగ్గర ఆగుతుంటారు. దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఫ్రిజ్‌కు ఎంత బ్యాటరీ కావాలి?" చలిదేశాల వీడియోలు చూసి లెక్క కూడా వేసుకుని వస్తారు. మన మే నెలకు ఆ లెక్క సరిపోదు.

అపోహ: చిన్న ఫ్రిజ్ కదా, ఎక్కడైనా ఒకే కరెంటు తీసుకుంటుంది.

వాస్తవం: 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. డిసెంబరులో గంటకు ఇరవై నిమిషాలు నడిస్తే రోజుకు 400 వాట్-అవర్లు, అంటే అర యూనిట్ లోపే. మేలో ఎండకు నిలిపిన వ్యాన్ లోపల 45 డిగ్రీలు దాటితే అదే ఫ్రిజ్ గంటకు నలభై నిమిషాలు నడవాల్సి వస్తుంది. అప్పుడు 800. అందుకే నన్నడిగితే మొదటి ఖర్చు బ్యాటరీ మీద కాదు, పైకప్పు లోపల ఇన్సులేషన్ మీద. ఫ్రిజ్ వేడిగాలి బయటికి పోయేలా చుట్టూ సందు వదలాలి. దుప్పట్ల మధ్య ఇరికిస్తే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే 'కారు ఫ్రిజ్' చాలు.

వాస్తవం: వాటిలో చాలావరకు కంప్రెసర్ ఉండదు, పెల్టియర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడుతుంది. అది బయటి వేడి కంటే దాదాపు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 42 ఉంటే లోపల 22. పెరుగు పులిసిపోతుంది. అది పోతే పోయింది, ఇన్సులిన్ సంగతి ఏమిటి? తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లకు ఈ డబ్బా వద్దని గట్టిగానే చెబుతాను. పైగా చాలా వాటికి చల్లబడగానే ఆపేసే థర్మోస్టాట్ లేక 4, 5 ఆంపియర్లు ఆగకుండా లాగుతాయి, రోజుకు 1,150 వాట్-అవర్ల పైనే.

అపోహ: బండి బ్యాటరీకే తగిలిస్తే సరిపోతుంది.

వాస్తవం: గండికోటలో రాత్రి ఆగిన ఒక కుటుంబానికి పొద్దున సెల్ఫ్ తీసుకోలేదు, నలుగురు కలిసి బండి తోయాల్సి వచ్చింది. స్టార్టింగ్ బ్యాటరీలో పలుచటి ప్లేట్లు ఉంటాయి. కొన్ని సెకన్లు పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసినవి అవి. మాటిమాటికీ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ పెట్టండి, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి దానికి డీసీ-డీసీ చార్జర్ (ఆ కరెంటును రెండో బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె) ద్వారా ఇవ్వండి.

అపోహ: ఫ్రిజ్ మధ్యలో ఆగిపోతోందంటే బ్యాటరీ పోయినట్టే.

వాస్తవం: ఈ ఒక్క మాట మీద ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో. ఒకాయన ఇలాగే రెండు బ్యాటరీలు మార్చి, మూడోది కొనే ముందు నా దగ్గరికి వచ్చారు. డ్యాష్‌బోర్డు సాకెట్ నుంచి వెనక్కి ఐదు మీటర్ల సన్నవైరు, 1 చదరపు మిల్లీమీటరుది. పోనురాను పది మీటర్లు. 6 ఆంపియర్లు పారితే ఆ వైరులోనే ఒక వోల్టు పోతుంది. బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే ఫ్రిజ్ దగ్గరికి వచ్చేది 11.2, సాకెట్ వదులుగా ఉంటే ఇంకా తక్కువ. బ్యాటరీని కాపాడటానికి వోల్టేజీ తగ్గగానే ఫ్రిజ్‌ను ఆపేసే కట్-ఆఫ్ ఎక్కువ స్థాయిలో పెట్టి ఉంటే ఫ్రిజ్ ఆ వోల్టేజీకే ఆగిపోవచ్చు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నేరుగా బ్యాటరీ నుంచి లాగాను. నష్టం పావు వోల్టుకు దిగింది, ఫ్రిజ్ ఆగలేదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు మాత్రం మరవకండి. వైరు రాసుకుని షార్టయితే బండే అంటుకుంటుంది.

అపోహ: ఎండ ఎక్కువైతే సోలార్ ఎక్కువ ఇస్తుంది.

వాస్తవం: పానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మన మధ్యాహ్నం పానెల్ 65 డిగ్రీలకు చేరితే సుమారు 15 శాతం పోయినట్టే. కప్పుకు అతికించకుండా కింద రెండంగుళాల సందు వదిలితే గాలి ఆడుతుంది, కప్పుకూ నీడ దొరుకుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఫ్రిజ్‌కు నీడ కావాలి, పానెల్‌కు ఎండ కావాలి. చింతచెట్టు కింద ఆపితే ఒక్క కొమ్మ నీడ పడ్డా పానెల్ ఇచ్చేది బాగా పడిపోతుంది. నేనైతే మడతపెట్టే పానెల్ ఒకటి పెట్టుకోమంటాను. బండి నీడలో, పానెల్ ఎండలో, మధ్యలో లావు వైరు.

అపోహ: ఇంటి ఫ్రిజ్, ఇన్వర్టర్ పెడితే చవక.

వాస్తవం: ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికే 15 వాట్లు తీసుకుంటే రోజుకు 360 వాట్-అవర్లు. అంటే చలికాలంలో చిన్న ఫ్రిజ్ తీసుకునేంత. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటు ఇంకా అదనం.

అపోహ: లిథియం పెడితే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో సగం, అంటే 600 వాట్-అవర్లు వాడుకోవడమే మంచిది. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో వెయ్యి దాటి వాడొచ్చు. కానీ బాగా వేడెక్కితే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్, చార్జింగ్ ఆపేస్తుంది, మన వేసవిలో అది మధ్యాహ్నమే జరగొచ్చు. ఇంజిన్ పక్కన పెట్టకండి, సీటు కింద చల్లటి మూల చూడండి.

ఇంకొకటి. ఖాళీ ఫ్రిజ్ తక్కువ తీసుకుంటుందనుకోకండి, తెరిచినప్పుడల్లా చల్లగాలంతా బయటికి పోతుంది. నీళ్ల సీసాలతో నింపండి. పదకొండు నుంచి మూడు వరకు సోలార్ మిగులుతుంటే సెట్టింగు తగ్గించి ఆ సీసాలను గడ్డకట్టనివ్వండి, సాయంత్రం మళ్లీ 5 డిగ్రీలకు తిప్పండి. తెల్లవారేదాకా కంప్రెసర్ చాలా తక్కువసార్లు లేస్తుంది. ఇన్సులిన్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పని చేయకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.