పాడుబడ్డ క్వారీ: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో మూతబడ్డ గ్రానైట్ క్వారీల్లో కొండ పూలను, జీవులను కాపాడే పని చేస్తుంటాను. అక్కడికి వచ్చినవాళ్ళు తరచుగా అనే మాటలివి.

అపోహ: ఎర్రమట్టి పోసి ఎరువు వేస్తేనే పూలు పూస్తాయి.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఓ క్వారీ అంచున నాలుగు ట్రాక్టర్ల మట్టి పోయించాను. వానలు పడగానే వయ్యారిభామ కలుపు నడుము ఎత్తు లేచింది. అంతకుముందు అక్కడున్న విష్ణుక్రాంత ఒక్కటీ మిగల్లేదు. తప్పు నాదే. సారం లేని పలుచటి మట్టిలో కలుపు అంత జోరుగా పెరగదు, అందుకే ఈ చిన్న మొక్కలకు చోటు దొరుకుతుంది. బండ పగులులో వేలెడు మట్టి ఉంటే విష్ణుక్రాంతకు చాలు. పొద్దున్నే వెళ్తే చిటికెన వేలి గోరంత నీలి పూలు నేలను అంటుకుని కనిపిస్తాయి. కాస్త మట్టి ఎక్కువున్న చోట తంగేడు, గునుగు. మనం బతుకమ్మకు బజార్లో కొనుక్కునే పూలే! పోయించిన మట్టినంతా తర్వాత గీకించి తీయించేశాను.

అపోహ: నిలువుగా కోసిన రాతిగోడ మీద ఏ జీవీ బతకదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 250 కోట్ల ఏళ్ళ నాటి ఆ బండ అంచుల మీదే, నెత్తిన కొమ్ముల్లా ఈకలుండే పెద్ద గుడ్లగూబ గూడు కట్టకుండా గుడ్లు పెడుతుంది. కింద తెల్లటి రెట్ట చారలు, అది కక్కిన ఉండలు ఉంటాయి. ఒక ఉండ విప్పి చూశాను: బూడిదరంగు బొచ్చు, పళ్ళతో సహా ఎలుక దవడ. అది గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలం, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా, ఆ గోడ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, ఫొటోల కోసం కూడా.

అపోహ: వదిలేస్తే దానంతటదే అడవి అవుతుంది.

వాస్తవం: సర్కారు తుమ్మ, సుబాబుల్ ముందే కమ్మేస్తాయి. సర్కారు తుమ్మను నరికితే మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో పెకలించాలి, అదీ ఏటేటా.

అపోహ: గుంత ప్రమాదం కాబట్టి చెత్తతో పూడ్చేయాలి.

వాస్తవం: ప్రమాదం నిజమే, ఈతకు దిగిన పిల్లల ప్రాణాలు పోతున్నాయి. లోతున్న వైపు గట్టి కంచె వేయాల్సిందే. కానీ మన దగ్గర బోరు నీళ్ళు ఊరేది చాలావరకు రాతి పగుళ్ళలోనే. చెత్త మురుగూ ఆ దారినే దిగుతుంది. మేం ఒక పక్క కంకరతో వాలు చేశాం, పడిన జంతువు ఎక్కి రావడానికి. వానలు తగ్గాక ఆ తడి వాలు మీద నెమలి కాలిగుర్తులు పడ్డాయి.