వేడి తగ్గితే అనునాదం ఎందుకు సన్నబడుతుంది?

బ్రాడీపేట, గుంటూరు

చి. చింటూకి, చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

వాయువు చల్లబడితే పరమాణువులు నెమ్మదిస్తాయి సరే, దానికి అనునాదం (రెజొనెన్స్) ఆకారం ఎందుకు మారాలని చింటూ అడిగాడు కదా. ఇది ఫోన్లో తేలే విషయం కాదురా, కాగితం కావాలి.

మే నెలలో మన ఊళ్లో 45 డిగ్రీలంటే 318 కెల్విన్లు. ఆ వేడిలో రుబీడియం పరమాణువు సెకనుకు 300 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. దాన్నే ఒక మైక్రోకెల్విన్‌కు, అంటే కెల్విన్‌లో పది లక్షలో వంతుకు చల్లబరిస్తే సెకనుకు రెండు సెంటీమీటర్లు కూడా కదలదు.

ఢీకొనే రెండు పరమాణువుల శక్తి, అవి కలిస్తే ఏర్పడే అణువు శక్తిస్థాయికి సరిపోయిందనుకోండి. కాసేపు అతుక్కుని విడిపోతాయి, పరిక్షేపణం, అంటే ఒకదాన్నొకటి తాకి దారి మళ్లడం, ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ స్థాయిని అయస్కాంత క్షేత్రంతో పైకీ కిందికీ జరపొచ్చు, రేడియోలో స్టేషన్ కోసం ముల్లు జరిపినట్టు. ఇదే ఫెష్‌బాక్ అనునాదం. 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో శాస్త్రవేత్త కెటర్లీ బృందం సోడియంలో దీన్ని చూసింది.

ఇక అసలు సంగతి. వాయువులో అన్ని జంటల శక్తీ ఒకటి కాదు. ఎక్కువ శక్తితో ఢీకొనే జంటకు క్షేత్రం కొంచెం వేరే విలువ దగ్గర కుదురుతుంది. అందుకే క్షేత్రాన్ని మారుస్తూ పరిక్షేపణాన్ని గ్రాఫుగా గీస్తే, వేడి వాయువులో దాని శిఖరం వెడల్పవుతుంది. అయితే రెండు వైపులా కాదు! ఢీకొనే శక్తి సున్నా కంటే తగ్గదు కాబట్టి ఒక వైపు నిటారుగా తెగుతుంది, రెండో వైపే తోక సాగుతుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఈ తోకే. పొటాషియం-40లో 198 గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరున్న అనునాదంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పరమాణువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరవ్వాలి, ఆ తిరుగుడే వాటికి అడ్డు. చల్లబడ్డ కొద్దీ ఆ అడ్డు దాటడం కష్టమై శిఖరం బాగా సన్నబడుతుంది.

లిథియం-6లో 832 గాస్ దగ్గరది మాత్రం చాలా వెడల్పైనది, కొద్ది వేడికి చోటు మారినట్టే ఉండదు. అక్కడ వేడి ఎత్తుకు హద్దు పెడుతుంది: ఉష్ణోగ్రత రెట్టింపైతే పరిక్షేపణానికున్న గరిష్ఠ హద్దు సగమవుతుంది.

ల్యాబ్‌లో చాలాసార్లు ఈ శిఖరాన్ని నేరుగా చూడరు, పరమాణువుల్ని పట్టి ఉంచే ఉచ్చులో ఎన్ని మిగిలాయో చూస్తారు. అనునాదం దగ్గర మూడు కలిస్తే రెండు అణువుగా మారి, విడుదలైన శక్తితో మూడూ బయటపడతాయి. అందుకే చింటూ, అనునాదం ఎన్ని గాస్‌ల దగ్గర అని చదివితే, పక్కన ఉష్ణోగ్రత ఎంత రాశారో కూడా చూడు.

ఇట్లు,
తాతయ్య