‘చిన్న డ్రోనే కదా!’ పెళ్లి షూట్లలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

పెళ్లిళ్లకి డ్రోన్ ఎగరేయడం నా పని. మండపం దగ్గర ఈ మాటలు వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: 250 గ్రాముల లోపు డ్రోన్‌కి రూల్సేమీ ఉండవు.

2021 డ్రోన్ రూల్స్ దీన్ని నానో అన్నాయి, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి, అంతవరకు నిజమే. కానీ రెడ్ జోన్ (కేంద్రం అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని చోటు) నానోకి కూడా రెడ్ జోనే. పైగా 250 గ్రాములంటే గాల్లోకి లేచేటప్పటి మొత్తం బరువు. డబ్బా మీద 249 అని ఉన్నదానికి పెద్ద బ్యాటరీ వేసి, రెక్కలకి గార్డులు బిగిస్తే అది పై తరగతికి, అంటే మైక్రోకి (2 కిలోల వరకు) వెళ్లిపోతుంది. మైక్రోని సరదాకి ఎగరేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బులు తీసుకుని ఎగరేస్తే మాత్రం కావాలి. ఈ తేడా మా ఫీల్డులోనే చాలామందికి తెలీదు.

అపోహ: ఎస్సై గారికి చెప్పాం, పర్మిషన్ వచ్చినట్టే.

చెప్పడం మంచిదే, కానీ ఎల్లో జోన్‌కి (ఎయిర్‌పోర్టు దగ్గర్లో లాంటి, అనుమతితోనే ఎగరేయాల్సిన చోటు) అనుమతి ఇవ్వాల్సింది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, రెడ్ జోన్‌కి కేంద్రం. హైదరాబాద్‌లో విమానాలు దిగేది శంషాబాద్ ఒక్కచోటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి, కాబట్టి ఫంక్షన్ హాల్ బుక్ చేసినరోజే ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలో జోన్ల మ్యాప్ చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్ సరిహద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేనిది) 200 అడుగుల ఎత్తు వరకే, మామూలు చోట్ల 400. మ్యాప్‌లో గ్రీన్ ఉన్నా సరే, ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ పెట్టొచ్చు, మంత్రిగారి పర్యటన ఉంటే ముందురోజే కనుక్కోండి.

అపోహ: యాప్ ఆపలేదు, డ్రోన్ లేచింది, అంటే ఓకే.

కాదు. కంపెనీ యాప్‌లోని మ్యాప్ వేరు, ప్రభుత్వం మ్యాప్ వేరు.

అపోహ: అమెరికా నుంచి బావ తెస్తాడు, బిల్లు కూడా ఉంటుంది.

బిల్లుంటే ఏం లాభం? 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతే నిషేధం (పరిశోధన, రక్షణ అవసరాలకి తప్ప, విడిభాగాలకి ఇబ్బంది లేదు). శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు పక్కన పెట్టేస్తే బావ ఏం చేస్తాడు పాపం. అసలు చిక్కు ఆ తర్వాతే. నానో దాటిన డ్రోన్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కి ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) ఉండాలి, అదుంటేనే రిజిస్ట్రేషన్ నంబరు. 2021 నవంబరు 30 లోపు దేశంలోకి వచ్చినవాటికి ఒక అవకాశం ఇచ్చారు, ఆ తర్వాత దొడ్డిదారిన వచ్చినవాటికి ఏ దారీ లేదు. పెళ్లిళ్లలో ఎగిరేవి ఎక్కువగా అవే. దేశీ కంపెనీలని పెంచాలన్న ఉద్దేశం మంచిదే గానీ, రూల్ పాటిస్తానని ముందుకొచ్చేవాడికి కూడా తలుపు మూసేస్తే వాడు దాచిపెట్టి ఎగరేస్తాడు, అప్పుడు ఎవరి డ్రోనో పోలీసులకీ తెలీదు. 2025 సెప్టెంబరులో వచ్చిన డ్రోన్ బిల్లు ముసాయిదాలో జైలు శిక్షలు కూడా పెట్టారు. ముందు ఇంకోసారి రిజిస్ట్రేషన్‌కి గడువివ్వండి, అప్పటికీ నంబరు తీసుకోకుండా జనం మీద ఎగరేసేవాణ్ణి ఏం చేసినా నేను అడ్డురాను.

అపోహ: పడితే డ్రోనే కదా పోయేది.

కింద బరాత్‌లో డాన్స్ చేస్తున్నవాళ్ల మాటేంటి? నానో కాకపోతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇక తారాజువ్వలు వెలిగించేటప్పుడు ఎగరేయమని మాత్రం నన్ను అడక్కండి, డబుల్ ఇచ్చినా ఎగరేయను.